మూలుగు సయితము ధ్యానమే

వేదపాఠము: కీర్తనలు 1, యెషయా 38:9-20

జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారమున పనిచేసి విశ్రాంతి పొందిన తెలుగు విశ్వాసి యొకరు, కుమారుని సమాధి చేసిన పిమ్మట నాతో ఇట్లనిరి: "అయ్యగారూ, మొదటి కీర్తన నాకు బాల్యమునుండి కంఠస్థము. ఇప్పుడు మూడవ వచనము నోట రాదు. నీతిమంతుడు చేయునదంతయు సఫలమగునట! మరి నా సంగతి?"

నాకు సమాధానము తోచలేదు. ఆ రాత్రి మోకరించి, అనేక పర్యాయములు బోధించిన ఆ కీర్తననే మరల చదివితిని. రెండవ వచనమునొద్ద నిలిచిపోతిని. మనము ధ్యానము అని చదువు చోట హెబ్రీ భాషలో 'హాగా' అను క్రియ యున్నది. ఎరను పట్టిన సింహము గర్జించుటకును (యెషయా 31:4), మరణకరమైన రోగమున హిజ్కియా గువ్వవలె మూల్గుటకును (38:14) అదే మాట వాడబడినది. ఈ సంగతి నిఘంటువులో ఎన్నడో చదివితిని. ప్రార్థనలో ఆ రాత్రియే వింటిని.

ఉదయమున ఆయనయొద్దకు పోయి, "మూడవ వచనమునకు నాయొద్ద సులభమైన జవాబు లేదు. అయితే మీరు రెండవ వచనమును విడిచి పోలేదు. వాక్యము నెదుట మీ మూలుగు సయితము ధ్యానమే" అంటిని. ఆయన చాలసేపు మౌనముగా నుండి, గ్రంథము తెరచిరి.

ప్రియ చదువరీ, నోట రాని వచనమును దాటిపోకుము. దానియొద్దనే మోకరించి మరల చదువుము.

ప్రార్థన: ప్రభువా, మాటలు లేని మా మూలుగును ధ్యానముగా అంగీకరించుము. ఆమేన్.