యాయీరు ఇంటికి పోవు దారిలో

వాక్యభాగము: మార్కు సువార్త 5:21–43



క్రొత్త సంవత్సరపు కూడికకు మన సంఘములలో యౌవనస్థులు పెక్కుమంది క్రొత్త డైరీలు తెచ్చి ప్రార్థన చేయించుకొనుచున్నారు. ఎన్ని అధ్యాయములు చదువవలెను, ఎవరిని దర్శింపవలెను, ఏ అప్పు ఎప్పుడు తీర్చవలెను అని తారీఖులవారీగా వ్రాసికొందురు. మంచిదే. కట్టడము మొదలుపెట్టువానికి లెక్క అవసరమని ప్రభువే బోధించెను (లూకా 14).

మన తెలుగువారిలో ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి, 1831లో తిరిగి వచ్చువరకు మజిలీల సంగతులు వ్రాసి ఉంచిరి. ఆయన దాటిన దారిని వ్రాసిరి. మన డైరీలు ఇంకను దాటని దారిని వ్రాయును. అందులోనే ఒక చిక్కున్నది. వ్రాయగానే పని సగమైనట్లు మనస్సునకు తోచును.

రైతు ఇట్లు మోసపోడు. మా ద్వారకా తిరుమల మెట్టలో వాన చూచి దున్నుదురు. క్రింద డెల్టాలో కాలువకు నీరు వదలిన తరువాతనే ఆకుమడి పోయుదురు. గోడమీద ఏ తారీఖు వ్రాసికొన్నను సరే.

తాడేపల్లిగూడెములో ఉద్యోగము చేయు ఒక యౌవనస్థుడు తన డైరీని నాకు చూపెను. తండ్రి కొల్లేటి లంక గ్రామములో ఒంటరిగా నుండును. ఒక శనివారము క్రింద "నాన్న కన్ను, ఏలూరు" అని యున్నది. ప్రక్కన బాణపు గుర్తు. మరుసటి శనివారమునను అదే మాట, అదే బాణము. ఇట్లు ఆరు శనివారములు, ముత్యాల వంటి దస్తూరితో! తుదకు ఆ పెద్దాయనను చెయ్యి పట్టుకొని బస్సెక్కించి, శుక్లము తీయించి తెచ్చినవాడు ప్రక్కింటి చేపలచెరువు కాపలాదారు. అతనికి డైరీ లేదు.

"మరిచిపోలేదండి అయ్యగారూ, ప్రతి వారం రాశాను" అని ఆ కుమారుడు నాతో అనెను. నిజమే, మరువలేదు.

యాయీరు కుమార్తె చావుబ్రదుకులలో నున్నది. ప్రభువు ఆ యింటికే పోవుచున్నాడు. దారిలో ఒక రోగిష్టి స్త్రీ వస్త్రము ముట్టెను. పన్నెండేండ్ల రోగమునకు మరియొక దినము ఎక్కువా, రేపు చూతమని మనమైతే వ్రాసికొందుము. ప్రభువు నిలిచెను, ఆమె చెప్పుకొన్నదంతయు వినెను. ఆ ఆలస్యము యాయీరు గుండెకు ఎట్లుండెనో బిడ్డలు గలవారు ఎరుగుదురు. అంతలో చావు కబురే వచ్చెను. అయినను ప్రభువు బయలుదేరిన పని మానలేదు, ఆ యింటికి పోయెను. ఆత్మ నడుపునప్పుడు ముందేర్పాటు ఎందుకని కొందరు బోధింతురు. నేనొప్పుకొనను. ఏర్పాటు లేనిచో ఆ దారినే నడచియుండడు గదా!

కావున పేజీలో పై సగము మాత్రమే వ్రాయుడి. క్రింది సగములో, రాత్రి పండుకొనబోవు ముందు, పిలువకుండ వచ్చినవారెవరో వ్రాయుడి. రెండు బాణములు పడిన పనిని మూడవ పేజీకి పోనియ్యకుడి.

ఆ పెద్దాయనకు రెండవ కన్ను ఇంకను మిగిలియున్నది. ఆసుపత్రివారు తారీఖు ఇచ్చిరి. కుమారుడు ఈసారి డైరీలో వ్రాయలేదు, సెలవు చీటీ పెట్టినాడు.