ముఖం తెలియని అతిథి

పురాణాల్లోని దాతలకు ఒక వెసులుబాటు ఉంది. పుచ్చుకునేవాడు ఎదురుగా వచ్చి నిలబడతాడు. శిబి చక్రవర్తి ఒడిలో పావురం వచ్చి వాలింది. కర్ణుడి వాకిట్లో ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో చేయి చాచాడు. బలి తన చేతులతో వామనుడి కాళ్ళు కడిగాడు. దధీచి ఆశ్రమానికి దేవతలే కట్టగట్టుకుని వెళ్ళి ఎముకలు అడిగారు. అడిగేవాడి అవసరం ఇచ్చేవాడి కళ్ళ ముందే ఉంది. ఇచ్చాక పేరు మిగిలింది. కొందరికైతే వచ్చిన అతిథి వేషం తీసేసి దర్శనం కూడా ఇచ్చాడు.

మాంసం కోసి ఇచ్చినవారు, ఎముకలిచ్చినవారు, పుట్టుకతో వచ్చిన కవచాన్ని ఒలిచి ఇచ్చినవారు ఉన్నారు గానీ, రక్తం ఇచ్చిన కథ మన ఇళ్ళలో పిల్లలకు చెప్పగా పెద్దగా వినం. బౌద్ధుల జాతకమాలలో ఒకటుంది. మైత్రీబలుడనే రాజు ఆకలితో వచ్చిన ఐదుగురు యక్షులకు, మంత్రులు వద్దంటున్నా వినకుండా, తన రక్తనాళాలు కోయించుకుని రక్తం పట్టించాడు. అదీ వాళ్ళు తాగడానికే. ఒకరి రక్తం మరొకరి ఒంట్లో ప్రవహించగలదని ఆ కథ చెప్పినవారికీ తోచలేదు.

తోచినా అప్పట్లో వీలయ్యేది కాదు. ఒంట్లోంచి బయటికొచ్చిన రక్తం నిమిషాల్లో గడ్డకడుతుంది. రక్తానికి గ్రూపులున్నాయని వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో తేల్చాడు. ఆయన పుట్టిన జూన్ 14నే ఇప్పుడు ప్రపంచ రక్తదాతల దినంగా జరుపుకుంటున్నాం. సోడియం సిట్రేట్ కలిపితే రక్తం గడ్డకట్టదని, దాన్ని మనిషికి ఎక్కించవచ్చని 1914లో తెలిసింది. అంటే ఈ దానం వయసు వందేళ్ళు దాటి కొంచెం. దశదానాల్లో దీని పేరు లేదే అని అడగడం అనవసరం. కానీ దానం ఎలా ఉండాలో చెప్పిన పాత మాట ఈ కొత్త దానానికి అమరినంతగా మరి దేనికీ అమరదని నాకనిపిస్తుంది.

ఆ మాట భగవద్గీత 17వ అధ్యాయంలో ఉంది. ఇవ్వడం మన విధి కాబట్టి ఇచ్చేది, తిరిగి మనకు ఏ మేలూ చేయలేనివాడికి ఇచ్చేది, తగిన చోట, తగిన వేళ, తగినవాడికి ఇచ్చేది సాత్విక దానమని కృష్ణుడు చెబుతాడు. బదులు ఆశించి గానీ, లోలోపల బాధపడుతూ గానీ ఇస్తే అది రాజసం. వేళాపాళా లేకుండా, చులకనగా ఇస్తే తామసం. వీటిలో మనకు కొరుకుడు పడనిది ఆ బదులు ఆశించకపోవడమే. గుడికి సీలింగ్ ఫ్యాను ఇస్తే రెక్కల మీద ఇంటిపేరుతో సహా రాయిస్తాం. అన్నం పెడితే తిన్నవాడు దండం పెడతాడు, వద్దన్నా. రక్తపు సంచి మీద మాత్రం దాత పేరు ఉండదు. ఒక నంబరు, గ్రూపు, తీసిన తేదీ, గడువు తేదీ, అంతే. ఆ సంచిని ఎర్ర కణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీస్తే ముగ్గురి దాకా పనికొస్తుంది. ఆ ముగ్గురెవరో ఇచ్చినవాడికి తెలియదు. ఇచ్చినవాడెవరో ఆ ముగ్గురికీ తెలియదు. కృతజ్ఞత చెప్పుకుందామన్నా దారి లేదు.

ఇక రాజసం. ఆసుపత్రి వరండాలో రోజూ కనపడేది అదే. "రెండు యూనిట్లు కావాలి, డోనర్లను తెచ్చుకోండి" అంటారు. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నవాళ్ళు బాబాయికి, బావమరిదికి, పక్కింటివాళ్ళకు ఫోన్లు మొదలుపెడతారు. ఒకాయనకు షుగరు గుర్తొస్తుంది. ఇంకొకాయన ఊళ్ళో ఉండడు. వచ్చినవాడు కూడా మొహమాటానికి వస్తాడు, రేపు వీళ్ళింటి గడప తొక్కాలి కదా అని. ఈ మొహమాటంలో అపాయం కూడా ఉంది. తనకున్న జబ్బు నలుగురిలో చెప్పలేక దాచి ఇచ్చేవాడు ఉంటాడు. ఒకప్పుడు ఇంతకంటే ఘోరంగా ఉండేది, పూట గడవక రక్తం అమ్ముకునేవారు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి డబ్బుకు రక్తం తీసుకోవడం దేశంలో ఆగిపోవాల్సి వచ్చింది. అమ్మకం తప్పింది గానీ ఆఖరి నిమిషపు పరుగు తప్పలేదు. సెల్‌ఫోన్లో 'అర్జెంట్, బీ నెగటివ్ కావాలి' అని వచ్చే మెసేజీ సంగతీ అంతే. ఆ రోగి ఇంటికెళ్ళి నెలలైనా అది గ్రూపులు మారుతూనే ఉంటుంది.

కోనసీమలో లంకల గన్నవరం అనే ఊరుంది. డొక్కా సీతమ్మగారు (1841–1909) అక్కడే ఉండేవారు. వేళ కాని వేళ ఎవరు తలుపు తట్టినా ఆ ఇంట అన్నం దొరికేదని ఇప్పటికీ గోదావరి జిల్లాల్లో చెప్పుకుంటారు. అతిథి వచ్చాక బియ్యం కోసం ఊరిమీద పడే ఇల్లు కాదది. వచ్చేవాడు ఎవరో, ఎప్పుడొస్తాడో తెలియకముందే అతని వంతు సిద్ధంగా ఉండేది. బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్ ఉండవలసింది ఆ వంటిల్లులాగే. కాన్పులో రక్తస్రావం మొదలైన తల్లికి డోనర్లు బస్సు దిగి వచ్చేదాకా వ్యవధి ఉండదు. ఆమెను బతికించే రక్తం ఆమెకు నొప్పులు రాకముందే, ఎవరూ అడగకముందే ఎవరో ఇచ్చి ఉండాలి.

కృష్ణుడు చెప్పిన 'తగిన వేళ' ఇక్కడే పట్టుకుంటుంది. ఎర్ర కణాలు ఫ్రిజ్‌లో 35 నుంచి 42 రోజులు నిలుస్తాయి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. మన దగ్గర అభిమాన హీరో పుట్టినరోజున, నాయకుడి జయంతి నాడు పెద్ద శిబిరాలు పెడతారు. ఆ కుర్రాళ్ళను వెక్కిరించడం నాకు ఇష్టం లేదు. ఫ్లెక్సీ కోసం వచ్చినా, ఫొటో కోసం వచ్చినా సంచిలో పడిన రక్తం రక్తమే. కానీ ఒక్క పూటలో వందల సంచులు వచ్చిపడితే ఆరో రోజుకి అందులోంచి తీసిన ప్లేట్‌లెట్లు మురిగిపోతాయి. రెండు నెలలు పోయాక అదే ఊళ్ళో మళ్ళీ వెతుకులాట. సగం మంది ఆ రోజు ఇచ్చి మిగతా సగం మంది నెల తర్వాత ఇస్తే హీరోగారి గౌరవానికి వచ్చే లోటేమీ లేదు. ఏప్రిల్, మే నెలల్లో మరీ కటకట. ఇచ్చేవారిలో ఎక్కువమంది కాలేజీ పిల్లలు, వాళ్ళకు అప్పుడు సెలవులు. ఆపరేషన్లకు, కాన్పులకు, రోడ్డు ప్రమాదాలకు సెలవులుండవు. తలసేమియా పిల్లలకైతే రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, వేసవైనా, దసరా అయినా, పరీక్షలున్నా.

ఇక తగినవాడు ఎవరు? భాగవతం నవమ స్కంధంలో రంతిదేవుడి కథ ఉంది. మన భాషలో పోతన చేతుల్లోంచి వచ్చింది. రంతిదేవుడు 48 రోజులు కుటుంబంతో సహా పస్తులున్నాడు. నలభై తొమ్మిదో రోజున పాయసం, కాసిని నీళ్ళు దొరికాయి. ముద్ద నోట పెట్టబోయే వేళకు ఒక బ్రాహ్మణుడు, ఆయన వెళ్ళాక ఒక శూద్రుడు, ఆ తర్వాత కుక్కలను వెంటబెట్టుకుని ఇంకొకడు. అన్నం అయిపోయింది. ఒక్కడికి సరిపడే నీళ్ళు మిగిలితే, ఊరు అంటరానివాడన్న మనిషి వచ్చి గొంతు ఎండిపోతోందన్నాడు. అతనికి ఆ నీళ్ళు పోస్తూ రంతిదేవుడు కోరిన కోరిక విచిత్రమైనది. అష్టసిద్ధులు వద్దు, మోక్షమూ వద్దు. ప్రాణులందరి లోపల నేనుండి వాళ్ళ బాధ నేను పడాలి, వాళ్ళకు బాధ లేకుండా పోవాలి అన్నాడు.

ఇది విని భక్తులు కళ్ళు తుడుచుకుంటారు. భావన గొప్పదే గానీ అయ్యే పని కాదనుకుంటారు. మరొకరి లోపల ఉండటం, వారి గుండె గుండా సాగిపోవడం, వారి ఊపిరిని మోయడం ఈ రోజు చేయి చాచి పది నిమిషాలు పడుకుంటే అయ్యే పని. పైగా రంతిదేవుడిలా ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు. పెద్దవారి ఒంట్లో ఐదు లీటర్ల దాకా రక్తం ఉంటుంది, తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. అందులోని ద్రవం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది, కణాలకు కొన్ని వారాలు పడుతుంది. నా రక్తం అని మనం గట్టిగా పట్టుకున్నా అది ఆగేది కాదు. ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఇచ్చినా ఇవ్వకపోయినా ఈ ఉగాదికి ఒంట్లో ఉన్నది దసరాకి ఉండదు.

ఎవరికి ఎక్కుతుందో, మనవాళ్ళకేనా అని అడిగేవారున్నారు. ఎక్కించుకునే వైపు నుంచీ ఎవరి రక్తమో అని ఆరా తీసేవారున్నారు. క్రాస్ మ్యాచ్ చేసే గదిలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పే యంత్రం లేదు. అక్కడ కలిసేవీ కలవనివీ ఏ, బీ, ఓ గుర్తులూ ఆర్‌హెచ్ అంశమూ. సొంత తమ్ముడిది కలవకపోవచ్చు, గడప తొక్కనివ్వని మనిషిది కలవవచ్చు. అప్పుడు కూడా ఆచారం అడ్డొస్తే ఆ ఆచారాన్ని ఏమనాలో నాకు మాట దొరకడం లేదు.

ఇంకొక అనుమానం, మేం ఊరికే ఇచ్చినదాన్ని అమ్ముకుంటున్నారని. రక్తానికి ధర కట్టడం చట్టం ఒప్పదు. ప్రైవేటు చోట తీసుకునేది సంచికి, నిల్వకు, పరీక్షలకు అయ్యే రుసుము. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా, ప్రతి సంచికీ ఈ పరీక్షలన్నీ చేయాల్సిందే. ఎక్కడైనా ఎక్కువ అడిగితే రసీదు అడగండి, నిలదీయండి. మీరు ఇవ్వడం మానేస్తే నష్టపోయేది రుసుము దండుకునేవాడు కాదు.

పాత్రత పుచ్చుకునేవాడికే కాదు, ఇచ్చేవాడికీ ఉండాలి. 18 నుంచి 65 ఏళ్ళ లోపు వయసు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5. మగవారు 90 రోజులకు, ఆడవారు 120 రోజులకు ఒకసారి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉంది. శిబిరం దాకా వచ్చి, రక్తం తక్కువుందని వెనక్కి పంపితే చిన్నబోయే అమ్మాయిలు చాలామంది. అలాంటి అమ్మాయి చేయవలసిన మొదటి దానం తన ఒంటికే. తన కంచంలో ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది కాకుండా సరైన తిండి పడాలి, డాక్టరు చెప్పిన ఐరన్ మాత్రలు పడాలి.

సూదికంటే ముందు ఒక కాగితం ఇస్తారు. ఈ మధ్య జ్వరం వచ్చిందా, కామెర్లు ఉన్నాయా, పచ్చబొట్టు వేయించుకున్నారా, ఏ మందులు వాడుతున్నారు, ఇంకా నలుగురిలో చెప్పుకోలేని కొన్ని ప్రశ్నలు. స్నేహితులతో కలిసి వెళ్ళినవాడు వాటన్నిటికీ గబగబా 'లేదు' అని టిక్కు పెట్టేస్తాడు. కొత్తగా సోకిన జబ్బు కొద్ది రోజుల దాకా ఏ పరీక్షకూ చిక్కకపోవచ్చు. అప్పుడు అవతలి మనిషికి కాపలా ఆ కాగితం మీద మనం రాసే నిజమొక్కటే. హరిశ్చంద్రుడి కథ చదివినవాళ్ళం, ఒక్క పేజీకి ఆ వ్రతం పట్టలేమా? డాక్టరును పక్కకు పిలిచి ఈసారి నేను ఇవ్వకూడదని చెప్పి లేచి వచ్చినా పుణ్యమే. ఆ మాట చెప్పిన వ్యక్తి ఇచ్చినవాడికి ఏమీ తీసిపోడు.

ఉపవాసాలు, దీక్షల్లో ఉన్నవారు తరచూ అడుగుతుంటారు, ఇవ్వవచ్చా అని. ఖాళీ కడుపుతో వద్దు, కళ్ళు తిరిగి పడిపోతారు. ఏకాదశి నాడు కాకుండా ద్వాదశి పారణ అయ్యాక వెళ్ళండి. రంజాన్ నెలలో ఇఫ్తార్ తర్వాత ఇచ్చేవారున్నారు. అయ్యప్ప మాలలో ఉన్న స్వాములు మధ్యాహ్నం భిక్ష చేశాక, నీళ్ళు బాగా తాగి ఇవ్వవచ్చు. రక్తం ఇస్తే దీక్షకు భంగమేమోనని శంక ఉన్నవారు మాల తీశాకే రండి. మకరజ్యోతి చూసుకుని జనవరి మధ్యలో ఇచ్చినవారికి ఏప్రిల్ మధ్యకల్లా 90 రోజులు నిండుతాయి. అప్పటికి కాలేజీలు మూస్తుంటారు.