కర్తృత్వము - శరణాగతి

సుఖమును కోరని ప్రాణి లేదు. తన జీవితము తన చేతిలో నున్నదను నమ్మకమే సుఖమునకు మూలమని కొందరందురు. సర్వమును భగవంతునికి విడిచినవానికే శాంతి యని మరికొందరందురు. పైకి ఈ రెండు మాటలును పరస్పర విరుద్ధములుగా తోచును. శ్రీవైష్ణవ సిద్ధాంతము ఈ రెంటికిని సమన్వయము చూపినది.

ఏ కర్మ జరుగుటకైనను అయిదు హేతువులు కావలెనని శ్రీమద్భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయము తెలుపుచున్నది. శరీరము, కర్తయగు జీవుడు, ఇంద్రియములు, వివిధములగు చేష్టలు నాలుగు, అయిదవది దైవము. ఆ దైవము అంతర్యామియగు పరమాత్మయే యని భగవద్రామానుజుల వ్యాఖ్యానము. అంతమాత్రమున జీవుడు కర్త కాడని వారు చెప్పలేదు. కర్త కానిచో, ఇది చేయుము, ఇది మానుము అని చెప్పు శాస్త్రమే వ్యర్థమగును గదా! అయితే ఆ కర్తృత్వము పరమాత్మ అనుమతికి లోబడినది. అయిదింటిలో జీవుడు ఒకడు. అన్నియు తానే కాడు, లేనివాడును కాడు.

ఈ లెక్క తప్పినపుడే దుఃఖము కలుగును. అయిదును నేనే యనుకొనువాడు వాన రాకడను, కుమారుని పరీక్షా ఫలితమును, కుమార్తె పెండ్లి సంబంధమును తన భుజములపైననే మోసి నిద్రకు దూరమగును. తానేమియు కాననుకొనువాడు చేయదగిన పనిని మాని, ఆ సోమరితనమునకు భక్తి యని పేరు పెట్టుకొనును.

గజేంద్రుడు మకరితో వేయి సంవత్సరములు పోరాడెను. బలము ఉడిగిన పిదప, తన బలమే తనకు రక్షయను భావమును విడిచి శ్రీహరిని శరణు వేడెను. అయినను ఊరకుండలేదు. స్వామి గరుడారూఢుడై వచ్చుట చూచి, అంతటి బాధలోను తొండముతో తామరపువ్వు నెత్తి సమర్పించెను. మకరి నుండి విడివడుట అతని వశమున లేదు. పువ్వు నెత్తుట ఉన్నది. వశమున నున్నది చేసి, లేనిదానిని స్వామికి అప్పగించుటయే శరణాగతి.

చేతిలోని ఆ చిన్న పనికి ఎంత విలువ గలదో నేటి మనస్తత్వ శాస్త్రమును చెప్పుచున్నది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున ఒక వృద్ధాశ్రమమందు ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అను శాస్త్రవేత్తలు జరిపిన పరిశోధన 1976లో ప్రచురింపబడెను. కొందరు వృద్ధులకు తమ దినచర్యను తామే నిర్ణయించుకొనుడని చెప్పి, తామే పెంచుకొనుటకు మొక్కల నిచ్చిరి. మరికొందరికిని మొక్కల నిచ్చిరి గాని, నీరు పోయుట నర్సుల పని. మూడు వారముల పిదప మొదటివారే ఎక్కువ ఉల్లాసముగను, చురుకుగను ఉండిరి.

ఇందు ప్రతి గృహస్థునకును ఒక హెచ్చరిక కలదు. "నీవు ఊరక కూర్చుండుమమ్మా, అన్నియు మేము చూచుకొందుము" అని వృద్ధురాలగు తల్లితో అనుట ప్రేమయే. కాని తులసికి నీరు పోయుట, దీపమునకు వత్తులు చేయుట, నేడు పెరుమాళ్ళకు ఆరగింపు ఏమో నిర్ణయించుట కూడ ఆమె నుండి తీసికొన్నచో, ఇక ఆమెకు మిగులునదేమి? పొద్దు ఎప్పుడు గ్రుంకునా యను ఎదురుచూపు మాత్రమే.

కావున, వణకుచున్నను ఆ చేతిలో చెంబు నుండనిండు. నీరు కొంత ఒలికినను నష్టము లేదు. భగవంతుడే జీవుని చేతికి పని నిచ్చి, ఫలభారమును తాను వహించుచుండగా, ఆ పనిని లాగికొనుటకు మనమెవరము?