కడుపు కనబడని నెలల్లో

నేటి వాక్యభాగం: లూకా 1:39–56

దూత మాట విన్న మరియ త్వరపడి కొండసీమకు వెళ్లి, ఎలీసబెతు ఇంట ఇంచుమించు మూడు నెలలు ఉంది. గర్భం సంగతి చూసేవారికి తెలియని నెలలవి. ఆమెను చేర్చుకున్న ఇల్లు మాత్రం కడుపు కనబడేదాకా ఆగలేదు.

తల్లి దేహంలో సృష్టికర్త ఎంతో పని జరిగించేది ఆ నెలల్లోనే. నెల తప్పిన తొలివారాల్లోనే అండాశయం నుంచి రిలాక్సిన్ అనే హార్మోను ఎక్కువగా వస్తుంది. దానివల్ల మూత్రపిండాల రక్తనాళాలు సడలి, రక్తం ధారాళంగా పారుతుంది. మూడో నెల నిండేసరికి కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం దాదాపు సగం పెరుగుతుంది. కిడ్నీలు వడకట్టి పంపే క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో తగ్గుతుంది. మామూలుగా ఫరవాలేదనుకునే 1.0 గర్భిణిలో కనబడితే డాక్టర్లు ఊరుకోరు. ఇంకో హార్మోను ప్రొజెస్టెరాన్ మూత్రనాళాలను వదులు చేస్తుంది. మూత్రం అక్కడ నిదానిస్తుంది కాబట్టి ఇన్‌ఫెక్షన్ సోకితే కిడ్నీదాకా పాకే ప్రమాదం ఉంటుంది.

సూరత్‌లో లింబాయత్, ఉధనా వైపు మగ్గాల పనికి వచ్చిన మన తెలుగు కుటుంబాలెన్నో. తొలిచూలు పిల్లకు శ్రీమంతం చేసి, ఏడో నెలలో నవజీవన్ రైలు ఎక్కించి పుట్టింటికి పంపుతాం. మంచి ఆచారమే. అయితే అప్పటికి ఆమె కిడ్నీలు నెలల తరబడి అదనపు పని మోస్తూనే ఉన్నాయి! ఒంటిగది కాపురంలో, చీరలకు స్టోన్లు అంటిస్తూ కూర్చున్న కోడలు మాటిమాటికి లేవడానికి సిగ్గుపడుతుంది. నలుగురూ వాడే మరుగుదొడ్డి అయితే నీళ్లు తాగడమే మానేస్తుంది. అత్తమ్మలారా, ఆమె లేచిన ప్రతిసారీ ఎందుకని అడగకండి. బిందె దగ్గర ఆమెకంటూ ఒక చెంబు పెట్టండి. మూత్రంలో మంట, చలిజ్వరం, నడుము పక్కన నొప్పి అంటే ఇంటివైద్యంతో రోజులు గడపవద్దు. తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే మమతా కార్డు తొలినెలల్లోనే రాయించండి. నాలుగో నెల నుంచి ప్రతి నెల 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. బీపీ, మూత్రం తప్పక చూపించండి.

ప్రార్థన: ప్రభువా, తల్లి నరనరంలో నీవు చేసిన ఏర్పాటుకు స్తోత్రం. మా వీధిలో నెల తప్పి, ఎవరితోనూ చెప్పుకోలేని చెల్లెలిని మాకు చూపించు. 12 వారాలు నిండకముందే ఆమెను ఆసుపత్రికి తోడుకుపోయే పెద్దమ్మను మా సంఘంలోనుంచి లేపు. ఆమెన్.