వంతెన దాటితే పోయే ఓటు

1943 ఆగస్టులో అమెరికాలోని జార్జియా రాష్ట్రం తన రాజ్యాంగాన్ని సవరించుకుని ఓటు వయసును 21 నుంచి 18కి దించింది. ఆ దేశంలో ఈ పని మొదట చేసిన రాష్ట్రం అదే. అంతకుముందు నవంబరులోనే సైన్యంలోకి నిర్బంధంగా తీసుకునే వయసు 18కి దిగింది. యుద్ధానికి పనికొచ్చినవాడు ఓటుకు పనికిరాడా అన్నది గవర్నర్ ఎల్లిస్ ఆర్నాల్ వర్గం వాదన.

అందులో న్యాయం ఉంది. అయినా ఓటంటే ప్రాణం పణం పెట్టినందుకు ఇచ్చే ప్రతిఫలమా? అదే సవరణ పద్దెనిమిదేళ్ల అమ్మాయిలకూ ఓటిచ్చింది. వాళ్లనెవరూ బలవంతంగా యుద్ధానికి పంపలేదు. వాదన ఆగిన చోట చట్టం ఆగలేదు, అదే మంచిదైంది.

పోనీ, పరిణతే కొలమానం అనుకుందామా? దాన్ని తేల్చేదెవరు? ఆ రాష్ట్రంలోనే కొలంబస్ ఊరు చూడండి. అక్కడ ప్రైమస్ కింగ్ అని క్షౌరవృత్తి చేసుకునే నల్లజాతి పాస్టర్ ఉండేవారు. 1944 జులై 4న డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో ఓటేయడానికి కోర్టు భవనానికి వెళితే బయటికి గెంటేశారు. జార్జియాలో అప్పట్లో ఆ ప్రైమరీ నెగ్గితే ఎన్నిక నెగ్గినట్టే, కానీ అది తెల్లవాళ్లకు మాత్రమే. పద్దెనిమిదేళ్ల తెల్ల కుర్రవాడికి తెరిచిన తలుపు, నెరిసిన నల్లజాతి మనిషికి మూసే ఉంది. కింగ్ దావా వేసి, 1946లో అప్పీలులోనూ గెలిచారు.

అర్హత తేల్చే పని మనిషి చేతిలో పెడితే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా ఎక్కడ కనిపిస్తుంది? అందుకే వయసు గీత నాకు నచ్చుతుంది. అది ఇష్టానుసారం గీసినదే, నిజమే. కానీ దాన్ని చేరుకోవడానికి ఎవరి దయా అక్కర్లేదు. బతికుంటే చాలు.

అయితే గీత ఎక్కడుండాలి? కొలంబస్ పక్కనే చట్టహూచీ నది, అవతలి ఒడ్డు అలబామా. అక్కడ ఓటుకు అప్పట్లో 21 నిండాలి. ఇవతల ఓటరైన పిల్ల పెళ్లయి వంతెన దాటి కాపురం పెడితే మళ్లీ ఓటుకు పనికిరాకుండా పోయేది. ఆమె తెలివి నదిలో కొట్టుకుపోయిందా? ఈ తేడా 1971 జులై 1న అమెరికా రాజ్యాంగానికి 26వ సవరణ ఆమోదం పొందేదాకా పూర్తిగా తొలగలేదు. మన దేశంలో 1989లో 61వ సవరణ అమల్లోకి వచ్చేవరకూ మన ఇరవై ఏళ్లవాళ్లూ గీతకు అవతలే ఉన్నారు.

ఇప్పుడు చర్చ పదహారుకు వచ్చింది. మేరీలాండ్‌లోని టకోమా పార్క్ 2013లోనే తన పురపాలక ఎన్నికల్లో పదహారేళ్లవాళ్లకు ఓటిచ్చింది. పదహారేళ్లకు ఏం తెలుసు అంటారు. ఆ మాటే ఒకప్పుడు ఇరవై ఏళ్లవాళ్లనూ అన్నారు, స్త్రీలనూ అన్నారు. తాము బతికే ఊరి పాలనలో ఆ పిల్లల మాట ఎందుకు వద్దో, తెలివి ప్రస్తావన లేకుండా ఎవరైనా చెప్పగలరా?