మృతదేహం మీద స్వత్వం

దానమంటే తన స్వత్వాన్ని, అనగా యాజమాన్యాన్ని, వదులుకుని దానిని మరొకరికి కల్పించడమని ధర్మశాస్త్రకారులు నిర్వచించారు. ఈ నిర్వచనాన్ని నేత్రదానానికి వర్తింపజేస్తే చిక్కు వచ్చిపడుతుంది: కన్ను ఇవ్వవలసిన వేళకు దాత లేడు, ఉన్న కొడుక్కు తండ్రి దేహం సొత్తు కాదు. సర్వస్వాన్నీ ధారపోయవలసిన విశ్వజిత్ యాగంలో తల్లిదండ్రులను కూడా ఇచ్చివేయవచ్చునా అని చర్చించిన పూర్వమీమాంస, వారి మీద యజమానికి స్వత్వం లేదు గనుక కూడదని తేల్చింది. బతికున్న తండ్రి మీద లేని హక్కు ఆయన శవం మీద కొత్తగా పుట్టుకురాదు. కర్తకు సంక్రమించేది అంత్యేష్టి జరిపే బాధ్యత ఒక్కటే.

నాయకరాజుల కాలం నుంచీ మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది శాస్త్రగ్రంథాలతో తీరిపోయే చర్చ కాదు. అటువంటి రైతు కుటుంబంలో పుట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి కాలక్రమంలో నేత్రనిధిని నెలకొల్పుకుని, కోయంబత్తూరుకూ విస్తరించింది. కార్నియాను, అంటే నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొరను, ప్రాణం పోయిన 6 గంటల లోపు సేకరించాలి కాబట్టి, ఇంటివారు రెప్పలు మూసి, తడిదూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు ఎత్తుచేసి ఉంచాలి. ఏడుపుల నడుమ తర్జనభర్జన తెలుగులో సాగుతుంది. సంతకం చేయవలసిన కాగితం తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది.

1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం ‘యజమాని’ అనే మాట జోలికి పోకుండా, దేహాన్ని చట్టబద్ధంగా అధీనంలో ఉంచుకున్న వ్యక్తి అని ఊరుకుంది. ఇద్దరు సాక్షుల ఎదుట, వారిలో కనీసం ఒకరు దగ్గరి బంధువు కాగా, మృతుడు రాతపూర్వకంగా సమ్మతించి ఉంటే, తరువాత మనసు మార్చుకున్నాడనడానికి కారణం కనబడనంతవరకు, ఆ వ్యక్తి వైద్యులకు సహకరించి తీరాలి. మృతుడు ఏమీ చెప్పకుండా పోయినట్లయితే, అతడు గాని దగ్గరి బంధువులు గాని కాదన్న జాడ లేనప్పుడు, ఆ వ్యక్తే అనుమతించవచ్చు. ఆచరణ మాత్రం దీనికి తలకిందులుగా నడుస్తోంది: దానపత్రం ఉన్నా సరే, భార్యో కొడుకో వద్దంటే వైద్యులు సాధారణంగా వెనుదిరుగుతారు. చనిపోయినవాడి మాటకు చట్టం ఇచ్చిన విలువను ఆసుపత్రి వరండా ఇవ్వలేకపోతోంది.

ప్రచారకులు తరచుగా తలచే దధీచి, శిబి, కన్నప్పలు ముగ్గురూ బతికి ఉండి, తమ దేహాన్ని తామే ఇచ్చినవారు. పోలిక సరిగ్గా అవసరమైన చోటనే తెగిపోతోంది. తమిళనాడు ప్రభుత్వం 2023 సెప్టెంబరులో అవయవదాతల అంత్యక్రియలను అధికార లాంఛనాలతో జరిపిస్తామని ప్రకటించినప్పుడు, సంతకం బంధువుదే అయినా, గౌరవం మృతుడికే దక్కింది. అంటే దాత ఎవరన్నది ప్రభుత్వం చెప్పకనే చెప్పింది. ఆ దృష్టితో చూస్తే కొడుకు సంతకం దానపత్రం కాదు, తండ్రి మనసుకు సాక్ష్యం. నేత్రనిధి మనిషి గడపలో నిలబడి అడగవలసింది ‘మీరిస్తారా’ అని కాక, ‘ఆయన ఏమనేవారు’ అని. ఇంట్లో ఎవరి దగ్గరా దానికి జవాబు లేనప్పుడు కూడా చట్టమిచ్చే అనుమతి చెల్లుతుంది గాని, జరిగినదానిని శాస్త్రార్థంలో దానమనడం కుదరదు. ఒకరికి అక్కర తీరినదానిని అక్కర ఉన్నవారికి చేర్చడమవుతుంది, అందులో దోషమూ లేదు.