ఖాళీగా ఉంచిన చోటు

ధ్యానభాగము: 1 కొరింథీయులకు 12:12–26



ఆరాధనలో డోలకు ఒక్క దెబ్బ తప్పినయెడల పాట యావత్తు తడబడునని మనమెరుగుదుము. వాయించు చేయియే పోయినయెడల ఏమగును?

ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణమున డెఫ్ లెపర్డ్ అను రాక్ సంగీత బృందమొకటి కలదు. వారిది ఆలయ సంగీతము కాదు. అయినను వారియొద్ద మనము నేర్చుకొనవలసినది ఉన్నది. 1978లో, 15 ఏండ్ల ప్రాయమున, రిక్ ఆలెన్ అను బాలుడు డ్రమ్ములు వాయించుటకు అందులో చేరెను. 1984 డిసెంబరు 31న కారు ప్రమాదములో అతని యెడమచేయి తెగిపోయెను. వైద్యులు దానిని అతికించిరి గాని, చీముపట్టుటచేత మరల తీసివేయవలసివచ్చెను.

అతడు ఆసుపత్రి పడకమీదనే పాదములతో తాళము వేసి చూచుకొనెను. యెడమచేయి చేయు పనిని యెడమపాదము చేయునట్లు, కాలితో త్రొక్కగా మ్రోగు ఎలక్ట్రానిక్ డ్రమ్ములను అతనికొరకు సిద్ధపరచిరి. అతడు నెలల తరబడి సాధన చేసి, 1986 ఆగస్టులో డోనింగ్టన్ మైదానమున వేలాది జనులయెదుట వాయించెను. 1987లో హిస్టీరియా అను వారి రికార్డు వెలువడినప్పుడు వాద్యకారులలో అతని పేరును ఉండెను.

అతని సాధన గొప్పదే. అయితే మమ్మును గద్దించినది వేరొకటి. అతని స్నేహితులు అతని చోటును మరియొకనికి ఇయ్యలేదు, అతనికొరకు కనిపెట్టుకొనియుండిరి.

మా సంఘములో ఒక పెద్దాయన ఇరువది యేండ్లు డోలకు వాయించెను. పక్షవాతముచేత ఆయన కుడిచేయి చచ్చుబడెను. మేము ఆయన యింట ప్రార్థనచేసి, మరుసటి ఆదివారమే డోలకును ఒక యౌవనునికి అప్పగించితిమి. ఆరాధన ఆగరాదు గదా అనుకొంటిమి. ఆయనను ఒక్కమాటయైన అడుగలేదు. అటుతరువాత ఆయన గుమ్మమునొద్ద కూర్చుండెడివాడు. పాట ఎత్తగానే ఆయన పాదము కదలుట చూచియు మేము గ్రహింపలేదు.

రిక్ ఆలెన్ సంగతి చదివిన దినమున మేము ఆయనయొద్దకు వెళ్లి క్షమింపుమని వేడితిమి. ఆయన కొంతసేపు మౌనముగానుండి, "ఎడం చెయ్యి బాగానే ఉందిగా అయ్యగారూ, చిడతలియ్యండి" అనెను.

కన్ను చేతితో నీవు నాకక్కరలేదని చెప్పజాలదని పౌలు వ్రాసెను. మనము నోటితో చెప్పము. చోటు నింపివేసి చెప్పుదుము. ప్రియులారా, మీ సంఘములో అట్లు గుమ్మము దగ్గరకు చేరినవారెవరు? వచ్చు ఆదివారమునకు ముందుగా వారి యిల్లు దర్శించుడి. ప్రభువు మనకు తోడైయుండునుగాక. ఆమేన్.